ఒక పగటి దూరము

ఇంటికి వచ్చిన చుట్టమునకు కాళ్ళకు నీళ్ళిచ్చి, “ప్రయాణము సుఖముగా జరిగినదా” యని యడుగుట మన పెద్దల మర్యాద. ఆ మర్యాద నేటికిని పోలేదు గాని, ఆ ప్రశ్నలోని ప్రయాణశబ్దము మాత్రము మెల్లమెల్లగా తొలగిపోయి, పట్టణములలోనేమి పల్లెలలోనేమి “జర్నీ బాగా జరిగిందా” యను పలుకు దాని చోట వచ్చి కూర్చున్నది. పరభాషాపదము వచ్చినదని నేను నొచ్చుకొనువాడను కాను; మాటలును మనుష్యులవలెనే దేశములు తిరుగును, తిరిగి తిరిగి యెవరి యింటనో బసచేయును. ఆ పదము మన గడప దాటి లోనికి వచ్చినప్పుడు తన మూటలో నేమి కట్టుకొని వచ్చినదో విప్పి చూడవలెనని చిరకాలముగా నాకొక కుతూహలము. విప్పి చూడగా అందు దూరము లేదు, వాహనము లేదు, వేగము లేదు. ఉన్నది ఒక్క పగలు.

లాటినుభాషలో పగటికి డియెస్ అని పేరు. మన సంస్కృతములోని ద్యు, దివ శబ్దములును ఈ డియెస్ శబ్దమును ఏకమూలజన్యములని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కనుక మన దివసమునకును వారి పగటికిని గల చుట్టరికము నిన్నమొన్నటిది కాదు. ఆ డియెస్ నుండి దినసంబంధమైన దను నర్థమున డియుర్నుస్ అను విశేషణమును, దానినుండి ప్రాచీన ఫ్రెంచిభాషయందు ఒక పగటి నిడివిని, ఆ నిడివిలో ఇముడు పనిని, నడకను తెలుపు ఝూర్నే యను పదమును ఏర్పడినవి. 1066వ సంవత్సరమున నార్మనులు ఇంగ్లండును జయించి యచట రాజ్యము నెలకొల్పిన పిమ్మట ఫ్రెంచి పలుకులు వేలకొలదిగ ఇంగ్లీషులోనికి వచ్చి చేరినవి. వానితోపాటు, 13వ శతాబ్ది తొలినాళ్ళకు, ఇదియు వచ్చి చేరెను. ఆ కాలమున ఒక పగటి నడకకే కాక ఒక పగటి పనికిని, ఒక పగటిలో ముగిసిన యుద్ధమునకును గూడ ఇదే పేరు. 1755లో తన మహానిఘంటువును ప్రకటించిన శామ్యూల్ జాన్సను పండితుడు సైతము ఈ పదమునకు మొదటి యర్థముగా ఒక దినపు ప్రయాణమునే నిలిపి, భూమార్గమున చేయు ఏ ప్రయాణమైనను అను నర్థమును రెండవదిగా ఉంచినాడు. అనగా రమారమి రెండువందల డెబ్బది యేండ్ల క్రిందటి వఱకును ఆ మాటలోని పగలు అస్తమింపలేదన్నమాట.

ఈ కుటుంబమున పుట్టిన తక్కిన మాటలు మన నడుమనే తిరుగుచున్నను వాని కులగోత్రములను మన మంతగా విచారింపము. జర్నల్ అనిన దినచర్య వ్రాసికొను పుస్తకము. సభను అడ్జర్న్ చేయుట యనిన మఱియొక దినమునకు నిర్ణయించుట. జర్నీమన్ అనిన, చూచుటకు ఊళ్ళు తిరుగువాని పేరువలె నున్నను, పని నేర్చి దినకూలికి కుదిరిన పనివాడు. డైరీ యను మాట సైతము ఆ డియెస్ సంతానమే. దానికి మూలమైన లాటిను పదమునకు దినమునకింత యని కొలిచియిచ్చు బత్తెమని యర్థము. పగలు, పని, కూలి, కూడు, నడక: ఇవి యన్నియు ఒకే మాట చుట్టును కూడియుండుట నాకు సామాన్యవిషయముగా తోపదు. కాలినడకన పోవు మనుజుని బ్రదుకంతయు ఇందే యున్నది.

ఇంగ్లీషున ప్రయాణమునకు ట్రావెల్ అని వేఱొక ప్రసిద్ధనామము కలదు. అది శ్రమ యను నర్థముగల ఫ్రెంచి పదమునుండి వచ్చినది. ఆ శ్రమపదమునకు మూలము మూడు కొయ్యలు పాతి కట్టిన హింసాయంత్రమునకు లాటినులో గల త్రెపాలియుమ్ అను పేరని పెక్కుమంది పండితుల యభిప్రాయము. 6వ శతాబ్దిలో ఫ్రాన్సుదేశమునందలి ఓసేర్ పట్టణమున కూడిన క్రైస్తవ మతాచార్యుల సభ, నేరస్థులను ఆ యంత్రముపై బాధించు చోట మతగురువులు నిలిచి చూడరాదని కట్టడి చేసినది. దొంగలు, బురద, జ్వరము, వంతెనలు లేని యేఱులు గల యా దినములలో ప్రయాణమునకు హింస పేరు పెట్టుట అన్యాయ మనలేము. ఇక సముద్రయానమునకు వాడు వాయేజ్ అను పదము దారిబత్తెమునుండి పుట్టినది. మన పాథేయ మెట్టిదో వారి వియాటికుమ్ అట్టిది. ఈ రెండు మాటలును ప్రయాణికుని దేహమును, వాని మూటను మాత్రమే జ్ఞాపకముంచుకొన్నవి. జర్నీ యను మాట యట్లు కాక, ప్రయాణికునితోపాటు వేఱొకనిని గూడ స్మరించుచున్నదని నా తలంపు. ఆ వేఱొకని నిమిత్తమే ఈ వ్యాసము.

ఎట్లనగా, పగటికి హద్దు రాత్రి. దూరమును క్రోసులతో కొలిచినచో ఆ కొలత ఎంతవఱకైనను సాగును; పగటితో కొలిచినచో సూర్యుడు క్రుంకువేళకు ఎచటనో ఆగవలసినదే. ఆగిన చోట నీరుండవలెను, నీడ యుండవలెను, నిప్పు రాజుకొనుటకు పిడకయో పుల్లయో యుండవలెను, అన్నిటికంటె మిన్నగా తలుపు తెఱచు మనుజుడొకడు ఉండవలెను. ఒక పగటి దూరమను కొలత ప్రయాణికుడు తనకు తానుగా ఏర్పఱచుకొన్నది కాదు. ఆ దూరము చివర నివసించువాడు కూడ ఒప్పుకొనినప్పుడే అది కొలత యగును.

ప్రాచీనుల రాజమార్గములను పరిశీలించినచో ఈ మాట తేటపడును. పారసీక చక్రవర్తుల రాజపథమును వర్ణించుచు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, సార్డిస్ నగరము మొదలు సూసానగరము వఱకు 111 విడిదులున్నవనియు, కాలినడకన పోవువానికి 90 దినములు పట్టుననియు లెక్క చెప్పినాడు. రోమకులు తమ బాటల వెంబడి ఇంచుమించు దినమున కొకటిగా కట్టిన విడిదిని మన్సియో యనిరి. ఆగుట, ఉండుట యను నర్థముల ధాతువునుండి వచ్చిన యా పేరే నేడు ధనికుల మహాసౌధములకు మాన్షన్ అను నామమై నిలిచినది. ఒక్క రాత్రి తలదాచుకొనుటకు కట్టిన బాటసారి యిల్లు, అడుగు పెట్టుటకు బాటసారి జంకెడు భవనమైనది! క్రీ.శ. 333లో ఫ్రాన్సునందలి బోర్డో నగరము నుండి జెరూసలేమునకు యాత్రవెడలిన క్రైస్తవు డొకడు తన మార్గమునందలి విడిదుల పేరులను, వాని నడిమి దూరములను వరుసగా వ్రాసియుంచినాడు. వాని పేరేదో లోకమునకు తెలియదు; వాని కాశ్రయమిచ్చిన విడిదుల పేరులు మాత్రము పదునాఱు శతాబ్దములుగా నిలిచియున్నవి.

మన దేశమున అశోకచక్రవర్తి చేసిన పని ఇంతకంటెను గొప్పది. తోప్రా గ్రామమునుండి ఢిల్లీకి తరలింపబడిన శిలాస్తంభముమీది ఏడవ శాసనమున ఆ మహారాజు, పశువులకును మనుష్యులకును నీడకొఱకై బాటలవెంట మఱ్ఱిచెట్లు నాటించితిననియు, మామిడితోపులు వేయించితిననియు, నూతులు త్రవ్వించితిననియు, విశ్రాంతిస్థలములను, చలిపందిళ్ళను ఏర్పఱచితిననియు తెలిపియున్నాడు. ఆ నూతులు ఎనిమిది క్రోసుల కొకటి యని కొందఱును, అరక్రోసున కొకటి యని కొందఱును శాసనపదమును వ్యాఖ్యానించిరి. ఎనిమిది క్రోసులైనచో అది దాదాపుగా ఒక పూట నడక. అరక్రోసైనచో దప్పిగొన్న గొంతు ఓర్చుకొనగల దూరము. ఏ యర్థము గ్రహించినను, కళింగమును గెలిచిన చక్రవర్తి తన రాజ్యమును ఒక బడలిన బాటసారి కాళ్ళతో కొలిచి చూచుకొన్నాడని తేలుచున్నది. రాజులు భూమిని కొలిచిన విధములలో నాకు మిక్కిలి యిష్టమైనది ఇది.

తెలుగువారికి ఆంగ్లేయుల జర్నీతో సరితూగు మాట మఱియొకటి కలదు, అది మజిలీ. అరబ్బీ భాషలో వాహనము దిగుచోటునకు మన్‌జిల్ అని పేరు. ఆ పేరే పారసీ, ఉర్దూల మీదుగా వచ్చి మన నోట మజిలీ యైనది. అది ఆగు చోటునకును పేరే, రెండు ఆగుడుల నడిమి నడకకును పేరే. ఆమడ, క్రోసు మనకు లేకపోలేదు. అయినను దూరయాత్రకు వెడలిన మన పూర్వులు ఇన్ని మజిలీల దారి యనియే చెప్పుకొనెడివారు.

మజిలీ యన నేమియో తెలియగోరువారు ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్రను చదువవలెను. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీ యుద్యోగము చేసిన ఆ మహనీయుడు 1830 మే నెల 18వ తేదీన దాదాపు నూరుమంది పరివారముతో బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురముల మీదుగా ప్రయాగ కాశీక్షేత్రములను దర్శించి, గయ, కలకత్తా, జగన్నాథముల మీదుగా తిరిగివచ్చి 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరినారు. దారిపొడుగున తాము చూచినదెల్ల కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళ గారికి వ్రాసి పంపుచువచ్చిరి. ఆ మిత్రుడే వీరాస్వామయ్యగారు గతించిన రెండేండ్లకు, 1838లో, దానిని ముద్రింపించెను. ఆ గ్రంథమున దేవాలయవర్ణనలు కలవు, శాస్త్రచర్చలు కలవు, కుంపిణీవారి పరిపాలనముమీది విమర్శ కలదు. కాని నన్ను ప్రతిసారియు పట్టి నిలిపినవి అవి కావు. ఏ యూరు ఎంత దూరము, బాట గులకరాయో నల్లరేగడయో, అచట దిగుటకు తోపు గలదా, నీరు మంచిదా, బియ్యము పప్పు దొరకునా, సత్రమో ముసాఫరుఖానాయో యున్నదా యని ప్రతి మజిలీకిని ఆయన వ్రాసిపెట్టిన సంగతులే నన్ను మఱల మఱల ఆ పుటలకు పిలుచును. తాను పల్లకిలో పోవుచున్నను, పల్లకి మోయు బోయీల కాళ్ళకు ఆ బాట ఎట్టిదో యెఱిగి వ్రాసినవాని వ్రాతవలె అది తోచును. తన వెనుక వచ్చువారికి ఇబ్బంది కలుగకూడదను ఈ యాదరము లేనిచో యాత్రాగ్రంథమునకు విలువ లేదని నేను నిశ్చయముగా చెప్పగలను. నేటి యాత్రారచనలలో పెక్కు, చూచినవాని యానందమును మనకు చెప్పును గాని, రాత్రి యెవ్వరు అన్నము పెట్టిరో చెప్పుట మఱచును.

మధిర సుబ్బన్నదీక్షితకవిగారు తమ కథాసంపుటములకు కాశీమజిలీకథలని పేరు పెట్టుట సైతము ఊరక జరిగినది కాదు. ఆ కథలలో, కాశికి పోవుచున్న మణిసిద్ధుడను గురువునకు తోడుగా వచ్చుటకు ఒక పసులకాపరి యొప్పుకొనుచు, మజిలీ మజిలీకిని తన కొక కథ చెప్పవలెనని నియమము చేసెను. పగలు కాళ్ళది, రాత్రి కథది. వంట యగుచుండగా, నడుము వాల్చి, ఆనాడు దారిలో కానవచ్చిన యొక వింతకు హేతువేమని కుఱ్ఱవాడు అడుగగా గురువు చెప్పిన కథలే ఆ పండ్రెండు సంపుటములైనవి. మజిలీలు లేని కాశికి కథలును లేవు.

ఇక తలుపు తెఱచినవారి మాట. శాతవాహనుడైన హాలుని పేర ప్రసిద్ధమైన గాథాసప్తశతిలో, చలిపందిరికడ నీరు త్రాగు పాంథుని గూర్చి చిన్న గాథ యొకటి యున్నది. వాడు నీరు పోయు పడతి మొగము చూచుచు దోసిటి వ్రేళ్ళసందులనుండి నీరు జాఱవిడిచి ఆలస్యము చేయును. ఆ పడతియు వాని మనసెఱిగి నీటిధారను సన్నము చేయును. రసికులు దీనిని శృంగారమునకు ఉదాహరింతురు, తప్పు లేదు. నాకు మాత్రము, రెండువేల యేండ్లనాడు దక్కనుదేశపు బాటప్రక్కన, రాకపోకల వారికి నీరు పోయుటయే పనిగా ఒకతె కూర్చుండెడిదను సంగతి శృంగారముకంటె మధురముగా తోచును. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదయందు విష్ణుచిత్తుని మహిమను చెప్పబూనినప్పుడు ఆయన పాండిత్యముతో ప్రారంభింపక, ఎడతెగని వానలో, నడురేయి వచ్చిన యతిథులకు ఆ యింటివారు వండి వడ్డించిన విధమును వర్ణించినాడు. సామ్రాజ్యమేలినవాడు గనుక, రాజ్యమున బాటలు నడచునది ఇట్టి యిండ్లవలననే యని యెఱుగును.

ఇది కావ్యములలోని మాట యని యెవ్వరైన ననుకొందురేమో! గోదావరి లంకలలోని గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) కావ్యనాయిక కారు. పాయలు దాటి రాకపోకలు చేయు బాటసారులకు, వేళ యనక, కుల మనక, అన్నము పెట్టుటయే వ్రతముగా ఆమె జీవించినది. వైనతేయ పాయపై నిర్మించిన క్రొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టుట ఎంతయు తగినపని. ఆమె యిల్లును ఆ దారిన పోవువారికి వంతెనయే గదా. ఇట్టివారు పేరు తెలియక ఇంకెంద ఱుండిరో లెక్కకు అందదు. ఒక పగటి నడక చివర ఒక గడప, ఆ గడపనుండి మఱియొక పగటి నడక: ఇట్లు కాశీరామేశ్వరముల నడుమ దేశము కుట్టబడినది.

1856 జులై 1వ తేదీన రాయపురమునుండి వాలాజారోడ్డుకు దక్షిణదేశపు మొదటి ప్రయాణికుల రైలు నడచెను. వీరాస్వామయ్యగారు గతించి అప్పటికి ఇరువదియేండ్లు. ఆయన కొన్ని మజిలీలు చేసిన దూరమును రైలు కొన్ని గంటలలో దాటించినది. బోయీల భుజములు తేరుకొన్నవి, ముసలివారికి కాశి అందుబాటులోనికి వచ్చినది, క్షామకాలమున ధాన్యము చేరుటకు దారి యేర్పడినది. దీనిని నేను నిందింపను. నిందించువారు ఒక్కమారు మే నెల యెండలో పల్లకి మోసి చూడవలెను. కాని రైలుతో ఒక బాధ్యత మెల్లగా మన చేతినుండి జాఱినది. ఆగని ప్రయాణికునికి ఆతిథ్యము నెవ్వరిత్తురు? మా తాలూకాలో పాత బాట ప్రక్కన నాపరాళ్ళు పఱచిన సత్రమొకటి యుండెడిది. దాని ద్వారబంధముమీద కట్టించిన దాత పేరును, వచ్చినవారికి ఒక పూట యన్నము పెట్టుటకై వ్రాసియిచ్చిన భూమి వివరమును చెక్కియుండెను. నేను చిన్ననాట చూచునప్పటికే అది ఎరువుల గోదాము. దానిని గోదాముగా మార్చినవారు దుర్మార్గులు కారు. నడచివచ్చువాడు లేక చాలకాలమైనది గనుక, ఆ రాతిమీది యక్షరములు ఎవరినుద్దేశించినవో వారికి తెలియదు.

నడచివచ్చువాడు లేడను మాట మాత్రము నిజము కాదు. 2020 మార్చి 25వ తేదీ మొదలు కరోనా మహమ్మారి కారణమున దేశమంతట రాకపోకలు స్తంభింపగా, భవనములు కట్టుటకును ఇటుకలు కాల్చుటకును మన యూళ్ళకు వచ్చిన యుత్తరదేశపు కూలీలు మూటలు నెత్తిన బెట్టుకొని, పసిపిల్లలను చంకనెత్తుకొని, హైదరాబాదునుండి మేడ్చల్ మీదుగా ఉత్తరమునకు, విజయవాడ, విశాఖపట్టణముల మీదుగా ఈశాన్యమునకు కాలినడకన బయలుదేరినారు. దినకూలికి పనిచేయువాడు దినమునకింత యని నడచుచు పోవుట చూచితిమి. ఎనిమిదివందల యేండ్లనాటి జర్నీ యను మాటలోని అర్థములన్నియు ఒక్కమారుగా మన రహదారుల మీదికి వచ్చినట్లాయెను. మే 1వ తేదీన వలసకూలీల కొఱకై నడపిన మొదటి శ్రామిక ప్రత్యేక రైలు మన లింగంపల్లినుండియే ఝార్ఖండులోని హటియాకు వెడలినది. కాని అంతకు ముందును, ఆ తరువాతను, ఎందఱో నడచియే పోయినారు. ఆ దారుల వెంట గ్రామస్థులు పులిహోర పొట్లములు, మజ్జిగ, అరటిపండ్లు, చెప్పులు పంచిపెట్టిరి. ఎవ్వరును వారి కాజ్ఞాపింపలేదు. సత్రములు గోదాములైనను సత్రము కట్టించిన బుద్ధి చావలేదని ఆ వేసవిలో నాకు నమ్మకము కుదిరినది. అయితే ఆ బుద్ధి మేల్కొనుటకు అంతటి విపత్తు రావలసివచ్చుట మన కాలమునకు గౌరవము కాదు.

విపత్తు లేకయే ఆ బుద్ధిని నిలుపుకొన్న చోటు తెలుగునాట ఒకటి కలదు. ఏటేట ఉగాదికి ముందు కర్ణాటకదేశమునుండి వేలకొలది భక్తులు శ్రీశైలమునకు కాలినడకన వత్తురు. భ్రమరాంబాదేవి వారి యాడపడుచట. పుట్టినింటివారు పండుగకు చీర పెట్టుటకు వచ్చినట్లు వారు వత్తురు. ఆత్మకూరు దాటి వెంకటాపురము మీదుగా నల్లమల ప్రవేశించి, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను దాటి కైలాసద్వారమున మెట్లెక్కి స్వామిని చేరుదురు. వారి కది నేటికిని పగళ్ళతో కొలుచు దారి. మార్గమధ్యమునందలి తెలుగు గ్రామములవారు పందిళ్ళు వేసి, అంబలి కాచి, అన్నము వండి, బొబ్బలెక్కిన పాదములకు నూనె రాచి, వారిని పంపుదురు. భాష వేఱు, తెలిసిన ముఖములు కావు, మఱల ఆ మనిషియే వచ్చునను నమ్మకము లేదు. అయినను మీరెవ్వరని యడుగకయే అన్నము పెట్టుచున్నారు.

పాఠకులారా, మీ యూరు ఆ దారిన ఉన్నచో మీకు నేను చెప్పవలసినది లేదు. లేనిచో మీ యూరి మీదుగా పోవు రహదారిని ఒకసారి చూడుడు: తిరుమలకు పోవువారో, ఇరుముడి దాల్చి శబరిమలకు నడచువారో, గొఱ్ఱెలను తోలుకొని వలసపోవు కాపరులో, మిరపకోతలకు సాగు కూలీలో, ఎవ్వరో యొకరు ఏడాదిలో ఏదో ఒక ఋతువున ఆ దారిన నడచుచునే యుందురు. వారు మీ పొలిమేర కేవేళకు చేరుదురో కనుగొనుడు. ఆ వేళకు చెట్టుక్రింద ఒక నీళ్ళకుండ పెట్టింపుడు. రాత్రి పడుకొనుటకు బడి వరండాయో, రచ్చబండయో, గుడి మండపమో తెఱచియుంచుడని ఊరి పెద్దలతో చెప్పుడు. పాత సత్రమేదైన మీ యూర నిలిచియున్నచో, దాని రాతిమీది యక్షరములను తుడిచి చదివి, అది ఎవరి కొఱకు కట్టినదో మీ పిల్లలకు చూపుడు.